గుంట, సెంటు, కొత్త ఊరు

ఎకరానికి ఎన్ని గుంటలు? సూర్యాపేట, మిర్యాలగూడ చుట్టుపక్కల ఏ రైతును అడిగినా 40 అని తడుముకోకుండా చెబుతాడు. కోదాడ దాటి, సరిహద్దు అవతల జగ్గయ్యపేటలో అడిగితే లెక్క మారిపోతుంది. అక్కడ ఎకరమంటే 100 సెంట్లు. గుంటకు రెండున్నర సెంట్లని తెలిసినవాళ్ళకు ఇదేమంత విషయం కాదు. తెలియని మనిషికి మాత్రం "30 గుంటలుంది, కొంటవా?" అని ఎవరైనా అడిగితే అది ముప్పావు ఎకరమన్న సంగతి వెంటనే తట్టదు. సొంత ఊళ్లో గట్టు మీద నిలబడి ఒక్క చూపులో చేను ఎంతుందో చెప్పగలిగిన రైతు, కొత్త ఊళ్లో పక్కవాణ్ణి అడిగి తెలుసుకోవాలి. అడగడానికి మొహమాటం. అడగకపోతే మోసపోతానేమోనని అనుమానం. ఆ రాత్రి నిద్ర సరిగా పట్టదు.

ఇలాంటి చిన్న తడబాట్లు రోజుకు పది, నెలకు మూడు వందలు పోగైతే మనసు అలసిపోతుంది. ఆ అలసటనే కల్చర్ షాక్ అంటారు. విదేశాలకు వెళ్ళేవాళ్ళ సమస్యగానే మనం దాన్ని వింటూ వచ్చాం. కానీ అది తగలడానికి విమానం ఎక్కనక్కర్లేదు. భాష మారనక్కర్లేదు. ఒక్కోసారి ఊరు కూడా మారనక్కర్లేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల గత అరవై ఏళ్ళ అనుభవం చూస్తే ఈ సంగతి బాగా అర్థమవుతుంది.

మాట ఎక్కడిది?

ఈ మాటను లోకానికి బాగా పరిచయం చేసినవాడు కలెర్వో ఓబర్గ్ అనే మానవ శాస్త్రవేత్త. ఫిన్లాండ్ నుంచి వలస వచ్చిన తల్లిదండ్రులకు కెనడాలో పుట్టాడు. 1954 ఆగస్టులో బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో, అక్కడ కాపురముంటున్న విదేశీ మహిళల క్లబ్బులో దీని గురించి ప్రసంగించాడు. 1960లో అది వ్యాసంగా అచ్చయింది. అంతకుముందే 1951లో కోరా డుబోయిస్ అనే మానవ శాస్త్రవేత్త ఈ మాట వాడినా, జనం నోట నానింది ఓబర్గ్ వల్లే.

ఆయన చెప్పిన అసలు విషయం తేలికైనదే. మనిషి రోజంతా వందల చిన్న గుర్తుల ఆధారంగా నడుచుకుంటాడు. ఎప్పుడు పలకరించాలి, ఎంత దూరంలో నిలబడాలి, ఏ మాట నిజంగా అన్నది, ఏది మర్యాదకు అన్నది, అన్నం వడ్డిస్తుంటే ఎన్నిసార్లు వద్దనాలి, ఇవన్నీ మనకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. పెరుగుతూ ఒంటబట్టించుకున్నాం. రాత్రి లేచినప్పుడు మన ఇంట్లో చీకట్లోనే చేయి నేరుగా స్విచ్చి మీదికి పోతుంది. కొత్త ఇంట్లో అదే చేయి గోడంతా తడుముతుంది. చేతిలో లోపం లేదు, గోడలోనూ లోపం లేదు. ఈ చేతికి ఆ గోడ ఇంకా అలవాటు కాలేదు.

ఓబర్గ్ కొన్ని లక్షణాలు కూడా చెప్పాడు. తాగే నీళ్ళ గురించి, తిండి గురించి అతి జాగ్రత్త, మాటిమాటికీ చేతులు కడుక్కోవడం, చిన్న ఆలస్యానికే పెద్ద కోపం, అందరూ తనను మోసం చేస్తున్నారన్న భయం, ఇంటికి పోవాలన్న తీరని బెంగ. ఆ ఊరి భాష నేర్చుకోవడానికి మొండికేయడం కూడా ఇందులో ఒకటని అన్నాడు. బయటివాళ్ళకు ఇది పొగరులా కనిపిస్తుంది. లోపల ఉన్నది బెదురు.

కాలువ వెంట వచ్చినవాళ్ళు

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. లాల్‌బహదూర్ కాలువ అని పేరున్న ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల మీదుగా ఖమ్మం వైపు సాగింది. జొన్న, సజ్జ, కంది, ఆముదం పండిన చెలకల్లోకి కృష్ణ నీళ్ళొచ్చాయి. నీళ్ళ వెంట మనుషులొచ్చారు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఖరీదైన కొద్దిపాటి మాగాణి అమ్ముకుని, ఆ డబ్బుతో ఇక్కడ అంతకు ఎన్నో రెట్లు భూమి కొనుక్కున్న రైతు కుటుంబాలు కాలువ పొడవునా స్థిరపడ్డాయి. వాళ్ళు గుంపుగా కట్టుకున్న ఇళ్ళకు క్యాంపు అన్న పేరు వచ్చింది.

వచ్చినవాళ్ళూ తెలుగువాళ్ళే, ఉన్నవాళ్ళూ తెలుగువాళ్ళే. మరి తడబాటు ఎందుకు? రెండు ప్రాంతాలూ ఒకే రాష్ట్రమైంది 1956 నవంబర్ 1న. అంతకుముందు తరతరాలుగా ఒకవైపు మద్రాసు ప్రెసిడెన్సీ, మరోవైపు నిజాం పాలన. అక్కడ కచేరీ భాష ఇంగ్లీషు, ఇక్కడ ఉర్దూ. అక్కడ మునసబు, కరణం. ఇక్కడ పటేల్, పట్వారీ. అక్కడ మాగాణి, మెట్ట. ఇక్కడ తరి, ఖుష్కి. ఊళ్లో ఎవరి దగ్గరికి పోవాలి, ఏ కాగితం అడగాలి, శిస్తును ఏమంటారు అన్నవి కూడా వేరు. పాలన మారినంత తొందరగా నోటి మాట మారదు కదా.

పొలం అన్న మాటనే చూడండి. కోస్తాలో ఏ సాగు భూమినైనా పొలం అనేస్తారు. ఇక్కడ పొలమంటే వరి పండే తడి నేల. వర్షాధారమైనది చెలక. "నాకు ఐదెకరాల పొలముంది" అన్న ఒకే వాక్యానికి రెండు చోట్లా రెండు విలువలు. అక్కడి ధాన్యం ఇక్కడ వడ్లు. అక్కడి గోంగూర ఇక్కడ పుంటికూర. ఉల్లిపాయ ఉల్లిగడ్డ అయింది, బంగాళాదుంప ఆలుగడ్డ అయింది, ఆసుపత్రి దవాఖాన అయింది. సంతకు వెళ్ళిన కోస్తా ఇల్లాలు కూరగాయల ముందు నిలబడి వేలితో చూపించాల్సి వచ్చింది. తెలిసిన భాషలో మూగదానిలా నిలబడటం పరాయి భాష రాకపోవడం కన్నా ఎక్కువ గుచ్చుకుంటుంది.

పేర్లు నెలరోజుల్లో వచ్చేస్తాయి. మర్యాదల దగ్గర పడే చిక్కు అంత తొందరగా విడదు. కోస్తాలో మాట చివర "అండీ" లేకపోతే కటువుగా తోస్తుంది. ఇక్కడ పెద్దవాళ్ళను కూడా వరుసపెట్టి, నువ్వు అని పిలవడంలో ఆత్మీయత ఉంది. "ఏందే మామా, ఎట్లున్నవే" అని ఒక మగమనిషిని పలకరిస్తే ఇక్కడ అది చనువు. కోస్తాలో మాట చివరి ఆ "ఏ" చనువున్న ఆడవాళ్ళను పిలిచేటప్పుడే వస్తుంది. అందుకే కొత్తగా వచ్చిన రైతుకు ఆ పిలుపు అవమానంలా తగిలి ఉంటుంది. ఆయన పలికిన "రండి, కూర్చోండి, చెప్పండి" ఇక్కడివాళ్ళకు, వీడు మనల్ని దగ్గరికి రానివ్వడం లేదనిపించి ఉంటుంది. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు. ఇద్దరికీ మర్యాద అందలేదు. కల్చర్ షాక్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను చూపించే ఉదాహరణ ఇదే.

పండగలూ అంతే. కోస్తా కుటుంబానికి ఏడాదిలో పెద్ద పండగ సంక్రాంతి. ఇక్కడ దసరా. ఆ ముందు తొమ్మిది రోజులు వాకిళ్ళలో బతుకమ్మలు, దసరా రోజు పాలపిట్టను చూడటం, జమ్మి ఆకు చేతిలో పెట్టి బంగారమంటూ పెద్దల కాళ్ళకు మొక్కడం, అలాయ్ బలాయ్. మొదటి ఏడాది దసరా నాడు ఎవరో వచ్చి చేతిలో ఆకు పెడితే దాన్ని ఏం చేయాలో తెలియదు. సంక్రాంతి నాడు తమ ఇంటి ముందు గొబ్బెమ్మలు పెట్టుకుంటే వీధిలో ఇంకెవరి వాకిట్లోనూ అవి కనిపించవు. పండగపూట వచ్చే ఒంటరితనం మామూలు రోజుల ఒంటరితనం కంటే బరువైనది.

ఉన్న ఊళ్లోనే పరాయితనం

ఇంతవరకూ చెప్పింది వచ్చినవాళ్ళ వైపు. ఉన్నవాళ్ళకూ షాక్ తగులుతుందన్న సంగతిని మనం సాధారణంగా మరిచిపోతాం. కాలువకు ముందు ఈ నేల వేరు. జొన్న గట్క తిని, వానను నమ్ముకుని బతికిన పల్లెలు. 1946 నుంచి 1951 దాకా తెలంగాణ సాయుధ పోరాటం నడిచిన ప్రాంతం. ఆ పోరాటంలో ప్రాణాలొడ్డి దక్కించుకున్న భూమి అంటే ఇక్కడివాళ్ళకు ధర ఒక్కటే కాదు. అలాంటి చోట కొన్నేళ్ళలోనే భూముల ధరలు మారాయి, పంట మారింది, ఎరువుల వాడకం మారింది, కూలి లెక్క మారింది. తక్కువకు అమ్ముకున్నామన్న బాధ, మన ఊళ్లో మన మాటకు విలువ తగ్గిందన్న బాధ, రెండూ నిజమైనవే. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలోనూ ఆ తర్వాతా పైకి వచ్చిన నినాదాల వెనుక ఉద్యోగాలు, నిధుల లెక్కలతో పాటు ఈ గాయం కూడా ఉంది.

అన్నిటికన్నా లోతుగా తగిలింది భాష దెబ్బ. పాఠ్యపుస్తకాల్లో, పత్రికల్లో, రేడియోలో వచ్చింది ఎక్కువగా కోస్తా మాటకు దగ్గరైన తెలుగు. సినిమాల్లో తెలంగాణ యాస చాలాకాలం రౌడీకో హాస్యగాడికో దక్కింది. సూర్యాపేట పిల్లవాడు అమ్మ దగ్గర నేర్చుకున్న మాట బడిలో పలికితే తప్పు అనిపించుకుంది. పుట్టిన ఊరు కదలకుండానే ఆ పిల్లవాడు పరాయివాడయ్యాడు. ఈ గాయానికి గుర్తింపు రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. కవి కాళోజీ పుట్టినరోజైన సెప్టెంబర్ 9ని 2014 నుంచి తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

ఎంత కాలం?

1955లో స్వెర్రె లీస్‌గార్డ్ అనే నార్వే సామాజిక శాస్త్రవేత్త, స్కాలర్‌షిప్పుల మీద అమెరికా వెళ్ళి వచ్చిన 200 మంది నార్వేవాళ్ళతో మాట్లాడి ఒక విషయం గమనించాడు. ఆరు నెలల లోపు ఉన్నవాళ్ళు బాగానే ఇమిడారు. ఏడాదిన్నర దాటినవాళ్ళూ ఇమిడారు. మధ్యలో ఉన్నవాళ్ళే ఎక్కువ ఇబ్బంది పడ్డారు. కాగితం మీద గీస్తే అది ఇంగ్లీషు యూ అక్షరంలా వస్తుంది. మొదట అంతా కొత్తగా, ముచ్చటగా ఉంటుంది. తర్వాత దిగజారుతుంది. మెల్లగా మళ్ళీ పైకి వస్తుంది.

ఈ వంపు అందరికీ ఒకేలా ఉండదని తర్వాతి పరిశోధకులు చెప్పారు. చాలామందికి మొదటి వారాలే అన్నిటికన్నా కష్టమైనవి. చదువుకు ఇష్టపడి వెళ్ళినవాడికీ, అప్పు తీర్చడానికి తప్పక వెళ్ళినవాడికీ ఒకే అనుభవం ఎలా ఉంటుంది? అయినా ఈ పరిశోధన నుంచి పనికొచ్చే మాట ఒకటుంది. నాలుగో నెలలో దిగులు ముంచుకొస్తే, వచ్చి తప్పు చేశానని వెంటనే తీర్పు చెప్పుకోకూడదు. అది దారి మధ్యలో వచ్చే పల్లం కావచ్చు.

మన సంప్రదాయంలో ఈ పల్లం అందరికన్నా బాగా తెలిసినవాళ్ళు కొత్త కోడళ్ళు. ఇల్లు, వంట, దేవుడు, పలకరింపు, చివరికి నిద్ర లేచే వేళ కూడా ఒక్క రోజులో మారిపోతాయి. అప్పగింతల్లో కన్నీళ్ళు పెట్టుకోవడాన్ని మనవాళ్ళు తప్పు పట్టలేదు, దానికి పెళ్ళిలోనే చోటిచ్చారు. ఆషాఢంలో పుట్టింటికి పంపారు. పుట్టింటివాళ్ళు పిలిచి ఒడి బియ్యం పోశారు. ఆ ఆచారాల అసలు ఉద్దేశాలు ఏవైనా, వాటివల్ల కొత్త జీవితం ఒక్కసారిగా మీద పడకుండా విడతలుగా వచ్చింది. దిగులును దాచుకోనక్కర్లేదు, మధ్యమధ్యలో తెలిసిన చోటికి పోయి రావచ్చు అన్న ఆ పాఠం ఈ రోజు హాస్టల్‌కు వెళ్ళే పిల్లవాడికీ వర్తిస్తుంది.

మిల్లుకు వచ్చిన హమాలీ

మిర్యాలగూడ బియ్యం మిల్లుల పట్టణం. కోతల కాలంలో వడ్ల ట్రాక్టర్లు రోడ్ల వెంట బారులు తీరి ఉంటాయి. ఆ బస్తాలు దించి ఎత్తే పనిలో ఇప్పుడు బిహార్ కార్మికులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వాళ్ళు లేకపోతే ఏమవుతుందో కరోనా కాలంలో చూశాం. 2020 మే 1న దేశంలో మొదటి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు వలస కార్మికులను తీసుకుపోయింది. సరిగ్గా వారానికి, మే 8న, బిహార్‌లోని ఖగడియా నుంచి ఎదురు దిశలో ఒక రైలు లింగంపల్లికి వచ్చింది. అందులో దిగినవాళ్ళు మన బియ్యం మిల్లుల్లో పనిచేసే హమాలీలు. దేశమంతా ఇళ్ళకు పోతుంటే వీళ్ళు పనికి తిరిగి వచ్చారు.

కోస్తా రైతుకు కనీసం భాష ఒకటే. ఈ హమాలీకి బస్సు బోర్డు కూడా చదవరాదు. మన ఊళ్ళలో హిందీ కొంత తెలుసు కదా అనుకుంటాం. నిజమే, నిజాం కాలం నుంచి ఇక్కడ ఉర్దూ ఉంది. కానీ ఇక్కడి నోట పలికేది దక్కనీ. అవునుకు "హౌ", వద్దుకు "నక్కో". మైథిలీయో అంగికో మాట్లాడే ఇంట్లో పెరిగినవాడికి అది కూడా కొత్తదే. రొట్టె, సత్తు తిని పెరిగిన కడుపుకు మూడు పూటలా అన్నం, మన కారం. దీపావళి తర్వాత ఆరో రోజున వాళ్ళకు అతి పెద్ద పండగ ఛఠ్ వస్తుంది. సరిగ్గా అప్పుడే ఇక్కడ వానాకాలం వడ్లు మిల్లుకు చేరుతుంటాయి. జ్వరమొచ్చి దవాఖానకు పోతే నొప్పి ఎక్కడో వేలితో చూపించగలడు. ఎప్పటి నుంచో, ఎలాంటి నొప్పో చెప్పలేడు.

మన ఊళ్లో కొత్తవాళ్ళు కనిపిస్తే మొదట వచ్చే ప్రశ్న "ఏ ఊరు మీది? ఎవరి పిల్లగానివి?" ఆ రెండు ముక్కలతో మనిషికి మన లెక్కలో ఒక చోటు దొరుకుతుంది. ఫలానా ఊరు, ఫలానా ఇల్లు, అయితే మా మేనత్త ఊరి దగ్గరే అని మాట కలుస్తుంది. హమాలీని మాత్రం అలా అడగం. ఎక్కడివాడైనా "బీహారోళ్ళు" అన్న ఒక్క మాటలో కలిపేస్తాం. పేరూ ఊరూ అడిగేవాళ్ళు లేని చోట ఏళ్ళ తరబడి ఉన్నా మనిషి అతిథీ కాడు, ఆ ఊరివాడూ కాడు.

ఇక్కడి నుంచి వెళ్ళినవాళ్ళు

అదే దెబ్బ మన పిల్లలకూ తగులుతోంది. ఇంటర్ చదవడానికి కోదాడ నుంచి విజయవాడ హాస్టల్‌కు వెళ్ళిన పిల్లవాడు "మంచిగుంది", "గట్ల కాదు" అంటే గది మొత్తం నవ్వుతుంది. వారం తిరిగేసరికి వాడు సగం మాటలు మింగేయడం నేర్చుకుంటాడు. అమెరికాకు వెళ్ళే పిల్లల సంగతి సరేసరి. 2023-24 విద్యా సంవత్సరంలో అక్కడ చదివే విదేశీ విద్యార్థుల్లో మన దేశం వాళ్ళు 3,31,602 మంది. చైనాను దాటి మొదటి స్థానం. వాళ్ళలో తెలుగు పిల్లల వాటా చిన్నది కాదు.

మన ఇళ్ళలో భోజనానికి పిలిస్తే రెండుసార్లు వద్దని, మూడోసారికి కూర్చుంటాం. పిలిచేవాళ్ళకూ ఆ సంగతి తెలుసు. అక్కడ ఒకసారి వద్దంటే వద్దనే. గిన్నె పక్కకు పోతుంది, మనవాడు ఆకలితో గదికి పోతాడు. "ఎలా ఉన్నావు" అని అడిగినవాళ్ళు జవాబు కోసం ఆగరు. ప్రొఫెసర్‌ను పేరుపెట్టి పిలవమంటే నోరు రాదు. ఎవరి పిల్లగానివని అడిగేవాళ్ళు లేరు. మొదట అది స్వేచ్ఛలా ఉంటుంది. తర్వాత, తాను ఎవరికీ ఏమీ కానన్న భావం కలుగుతుంది.

మూడేళ్ళకు ఇంటికి వచ్చినప్పుడు ఇంకో వింత ఎదురవుతుంది. ఈసారి సొంత ఊరే కొత్తగా ఉంటుంది. చెప్పకుండా వచ్చే బంధువులు, జీతమెంతని అడిగే పెద్దలు, హారన్ల మోత, అన్నీ చిరాకు పుట్టిస్తాయి. అమెరికా పోయి మారిపోయాడని ఇంట్లోవాళ్ళు నొచ్చుకుంటారు. 1963లో గల్లహార్న్ దంపతులు అనే పరిశోధకులు ఈ తిరుగు దెబ్బను కూడా కలిపి చూసి, ఒక వంపు కాదు, రెండు వంపులన్నారు. తిరిగొచ్చిన పిల్లలకు కూడా కొన్ని వారాలు ఊపిరి పీల్చుకునే గడువివ్వాలి.

ఏం చేస్తే తేలికవుతుంది?

జాన్ బెర్రీ అనే కెనడా మనస్తత్వవేత్త, కొత్త చోటికి వెళ్ళినవాళ్ళు నాలుగు దారుల్లో ఒకటి పడతారని చెప్పాడు. పాతది వదిలేసి పూర్తిగా కొత్తదానిలో కలిసిపోవడం ఒకటి. కొత్తదాన్ని ముట్టకుండా తమవాళ్ళ మధ్యనే ఉండిపోవడం రెండోది. రెంటికీ కాకుండా పోవడం మూడోది. తనది నిలుపుకుంటూ కొత్తదాన్ని అందుకోవడం నాలుగోది. హాస్టల్లో యాస మింగేసిన పిల్లవాడిది మొదటి దారి. క్యాంపు గడప దాటని కుటుంబానిది రెండోది. బతుకమ్మ ఆడుతూ, సంక్రాంతికి గొబ్బెమ్మలూ పెట్టుకునే ఇల్లు నాలుగో దారిలో ఉంది. మనసుకు ఎక్కువ నెమ్మదినిచ్చేది సాధారణంగా ఈ నాలుగోదేనని బెర్రీ మాట. అయితే ఆ దారి పడాలంటే ఊరు కూడా తలుపు తీసి ఉంచాలి. ఒక్క చేతితో చప్పట్లు మోగవు.

వెళ్ళేవాళ్ళు చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. తెలియదని అడగడానికి సిగ్గుపడకండి. ఆ ఊరి మాటలు రోజుకు ఐదైనా నేర్చుకోండి. ఎవరి మాటైనా కటువుగా తోస్తే, ఇక్కడ దీని అర్థమేమిటని ఇంకొకరిని అడిగి తర్వాత నొచ్చుకోండి. అమ్మ చేతి పచ్చడో, ఇంటి దేవుడి పటమో, తెలిసిన వస్తువు ఒకటి వెంట ఉంచుకోండి. ఇంటికి ఫోన్ చేయండి, కానీ రోజంతా ఫోన్‌లోనే ఉండకండి. అలా ఉంటే శరీరం అక్కడ, మనసు ఇక్కడ మిగిలి, అలవాటు పడటం ఆలస్యమవుతుంది. రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి తిరిగి రాకపోతే, దేని మీదా మనసు నిలవకపోతే, బతకాలని అనిపించకపోతే అది బెంగ స్థాయి దాటిందని గుర్తించాలి. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ సలహాదారులు తెలుగులో ఉచితంగా మాట్లాడతారు. 2022 అక్టోబర్‌లో మొదలైన ఈ ప్రభుత్వ సేవ పగలూ రాత్రీ అందుతుంది.

ఉన్నవాళ్ళు చేయాల్సిందీ పెద్ద పనేమీ కాదు. కొత్తవాళ్ళ యాసకు నవ్వకూడదు. తప్పు చేస్తే నలుగురిలో కాక పక్కకు పిలిచి చెప్పాలి. మిల్లులో, దవాఖానలో, బస్టాండులో నాలుగు ముక్కలు హిందీలోనూ రాయించాలి. పండగకు పిలవాలి. వాళ్ళ పండగ ఎప్పుడో తెలుసుకోవాలి.

మనిషికి ఊరు కావాలి. సాగర్ నీళ్ళ వెంట వచ్చినవాళ్ళ మనవలు ఈ రోజు గుంటల్లోనే లెక్క చెబుతున్నారు, ఇక్కడే పుట్టి ఇక్కడి బడుల్లో చదివారు. అంటే ఇది అయ్యే పనే. వాళ్ళకు పట్టినన్ని ఏళ్ళు ఈ రోజు వచ్చినవాళ్ళకు పట్టనక్కర్లేదు. మీ వీధిలోకి, మీ మిల్లులోకి, మీ తరగతిలోకి ఈ ఏడాది ఎవరైనా కొత్తగా వచ్చి ఉంటే, ఏ ఊరు మీదని అడగండి. వచ్చిరాని మాటల్లో చెప్పినా సరే, జవాబు పూర్తయ్యేదాకా వినండి.